గుమ్మం ముందు మూడు పాల ప్యాకెట్లు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే ఇక్కడే దొరికిపోతుంది. మీరు విశాఖపట్నంలోని మధురవాడలో ఉద్యోగం చేస్తూ రెండేళ్లుగా చిన్న కథలు రాస్తున్నారు. అన్నీ చావు, మోసం, భయం చుట్టూ తిరిగేవే. ఒక పత్రిక వారు ‘చీకటి మరీ ఎక్కువైంది’ అని తిప్పి పంపారు. మరో రెండు పత్రికలు జవాబే ఇవ్వలేదు. మీ అమ్మగారు ఒక కథ చదివి, ‘నీకేమైనా బాధ ఉంటే చెప్పమ్మా’ అన్నారు. ఇటువంటి కథలకు ఏమి చదవాలి, ఎలా రాయాలి, అసలు ఇవి రాయడం మనసుకు మంచిదేనా అని అడిగారు. యారాడ సముద్రం దగ్గర జరిగే కథ ఒకటి జత చేశారు. దాన్ని రెండుసార్లు చదివాను. దాని సంగతి చివర్లో చెబుతాను.

నా గురించి రెండు ముక్కలు. విశాఖపట్నంలో ఒక దినపత్రిక డెస్కులో ఇరవై ఏడేళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. మొదట్లో జిల్లా పేజీలో నేర వార్తలు దిద్దేవాణ్ణి. తర్వాత ఆదివారం అనుబంధానికి వచ్చే కథలు చూశాను. అంటే సగం ఉద్యోగం శవాలతో, సగం కథలతో గడిచింది. ఏది ఎక్కువ బాధపెట్టిందో అడక్కండి. నేనూ ఓ ఇరవై కథలు రాశాను. వాటిలో మూడో నాలుగో నిలబడతాయి.

మీ అమ్మగారి ప్రశ్న తొందరగా తేలిపోతుంది కాబట్టి ముందు అది చూద్దాం. నేను ఎరిగిన చీకటి కథకుల్లో చాలామంది భోజనప్రియులు, పదిమందిని నవ్వించేవాళ్లు, పడుకుంటే తెల్లవారేదాకా కదలనివాళ్లు. నిద్రపట్టని బాపతు ఎక్కువగా హాస్య కథల వాళ్లలోనే కనిపించింది. అయితే ఒక కథ రాస్తున్నప్పుడు వారాల తరబడి నిద్ర చెదిరిపోతున్నా, కథలోని చావు మీ చావులా కనిపించడం మొదలైనా, దాన్ని పక్కన పెట్టి మనిషితో మాట్లాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలిమానస్ 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. కథ ఎక్కడికీ పోదు. అమ్మగారికి ఈ మాట చెప్పి, మీ కథల్లో మీకు నచ్చినదాన్ని పైకి చదివి వినిపించండి. ఆవిడ ఏ వాక్యం దగ్గర మొహం తిప్పుకుంటారో గుర్తుపెట్టుకోండి. ఏ సంపాదకుడూ అంత కచ్చితంగా చెప్పలేడు.

ఇక ‘చీకటి ఎక్కువైంది’ అన్న మాట. మీరు పంపిన కథ చదివాక నాకు ఉల్టా అనిపించింది. అందులో నెత్తురు బాగానే ఉంది, చీకటే తక్కువ. ఆ తేడా నాకు ఎలా తెలిసిందో చెబుతాను.

సుమారు పాతికేళ్ల కిందట ఒక రాత్రి పదిన్నరకు వన్‌టౌన్ నుంచి మా విలేకరి ఒక వార్త పంపాడు. ఒంటరిగా ఉంటున్న వృద్ధుడు ఇంట్లో చనిపోయాడు. దుర్వాసన రావడంతో ఇరుగుపొరుగు వారు పోలీసులకు చెప్పారు. అనుమానాస్పద మృతి కింద కేసు నమోదైంది. ఇటువంటివి తరచూ వచ్చేవి. చివర్లో విలేకరి ఒక వాక్యం కలిపాడు: ‘గుమ్మం ముందు మూడు పాల ప్యాకెట్లు ఉన్నాయి.’ ఆ రోజు పేజీలో చోటు లేదు. ఆ వాక్యం కొట్టేశాను. వార్త ఏడు లైన్లలో సరిపోయింది.

ఇంటికి వెళ్లి పడుకున్నాక ఆ ప్యాకెట్లు గుర్తొచ్చాయి. వాటంతట అవి రావు కదా. ఎవరో కుర్రాడు తెల్లవారుజామున సైకిల్ మీద వచ్చి మొదటిది పెట్టాడు. మర్నాడు వచ్చి చూస్తే అది అలాగే ఉంది. పక్కన రెండోది పెట్టాడు. ఆ మర్నాటికి రెండూ ఉన్నాయి, మొదటిది ఉబ్బి ఉంటుంది. మూడోది పెట్టాడు. వాసన రాకముందే, పోలీసులు రాకముందే, ఆ వీధిలో అందరికంటే ముందు విషయం తెలిసింది ఆ కుర్రాడికి. తలుపు కొట్టలేదు.

ఆ ముసలాయన్ని ఎవరూ చంపలేదు. గుండె ఆగిపోయి ఉంటుంది. ఆ వార్తలో కత్తి లేదు, దెయ్యం లేదు, నెత్తురు బొట్టు లేదు. మూడో ప్యాకెట్ పెట్టిన చెయ్యి మాత్రం ఉంది. నేను చీకటి కథ అనేది దాన్ని. ఒక మామూలు మనిషి, తెలిసి, ఒక చిన్న పని చేస్తాడు, లేదా చేయాల్సింది మానేస్తాడు. చదివేవారికి ‘నేనైనా అంతే చేసేవాణ్ణేమో’ అనిపిస్తుంది. ఆ అనిపించడం లేని కథలో ఎన్ని శవాలు లేచినా అది బొమ్మల కొలువే.

మన తరం వాళ్లకు ఈ సంగతి చిన్నప్పుడే ఎవరో చెప్పారు, మనమే పట్టించుకోలేదు. చందమామలో భేతాళ కథ గుర్తుందా? శ్మశానం, భుజాన శవం, నడిరాత్రి. పిల్లలం కదా, ఆ బొమ్మ చూసి భయపడ్డామని అనుకుంటాం. నిజానికి బొమ్మ రెండో నెలకే అలవాటైపోయింది. అలవాటు కానిది చివర్లో వచ్చే ప్రశ్న. సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఎటు చూసినా తప్పించుకునే దారి లేని ఆ ఇరుకే చీకటి కథకు మూలసూత్రం. శవం అక్కడ మాట్లాడటానికి ఒక నోరు, అంతే. తర్వాత 1980ల్లో వారపత్రికల నిండా చేతబడి సీరియళ్లు వచ్చినప్పుడు ప్రశ్న పోయింది, నిమ్మకాయలూ పుర్రెలూ మిగిలాయి. అవి చదువుతూ నేనూ దుప్పటి ముసుగేసుకున్నవాణ్ణే, వాటిని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఇప్పుడు వాటిలో ఒక్క పాత్ర పేరు గుర్తు లేదు.

చదవడం గురించి. మీరు దెయ్యం కథల సంకలనాలతో మొదలుపెట్టారని రాశారు. పక్కన పెట్టమనను గానీ, మీరున్న ఊళ్లోనే దొరికేదాన్ని వదిలేశారు. రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు ఈ ఊళ్లో వకీలుగా పనిచేశారు. 1922లో పుట్టి 1993లో పోయారు. మద్యనిషేధం నాటి సారా వ్యాపారం మీద, పోలీసుల మీద, కోర్టు వరండాల మీద ఆయన రాసిన ‘ఆరు సారా కథలు’ చదవండి. చదువుతూ నవ్వుతారు. ఎక్కడ నవ్వారో పెన్సిలుతో గీత పెట్టుకోండి. కథ అయిపోయాక వెనక్కి వెళ్లి ఆ గీతలు మాత్రం చూడండి. ఎవరిని చూసి నవ్వారో అర్థమై చెయ్యి ఆగుతుంది. పాఠకుణ్ణి నవ్వించి దొంగసొమ్ములో వాటా ఇచ్చినట్టు చేయడం ఆయన దగ్గర నేర్చుకోవాలి. ఆయన ఉపమానాల జోరును మాత్రం అనుకరించకండి. నాలుగు దశాబ్దాలుగా ఉత్తరాంధ్ర కుర్రాళ్లు ఆ పని చేసి చెడిపోతున్నారు, వాళ్లలో నేనూ ఉన్నాను.

పక్కన విజయనగరంలో చాసో, అంటే చాగంటి సోమయాజులు గారు. ఆయన ‘ఎంపు’ కథ కొద్ది పేజీలే. బిచ్చగాళ్లలో ఒక తండ్రి కూతురికి మొగుణ్ణి ఎంచుతాడు. ఎవరికి బిచ్చం బాగా దొరుకుతుందన్నదే అక్కడ లెక్క. రచయిత ఎక్కడా ‘అయ్యో’ అనడు. మన పెళ్లి చూపుల్లో జీతం, ఇల్లు, పొలం అడిగే గొంతే అక్కడా వినిపిస్తుంది, అందుకే నవ్వాలో ఏడవాలో తెలియదు.

కాళీపట్నం రామారావు మాస్టారు విశాఖలో బడిపంతులుగా పనిచేశారు. ఆయన ‘యజ్ఞం’ కథ ముగింపు ఎవరైనా మీకు ముందే చెప్పేసి ఉంటే దురదృష్టం, నేను చెప్పను. కొలతలు మాత్రం చూడండి. పేజీల కొద్దీ పంచాయతీ. అప్పు ఎంత, ఎవరి మాట ఎంత న్యాయం, ఊరు ఎలా మారింది. విసుగనిపించేంత లెక్క. చివరి దెబ్బకు పట్టిన చోటు చాలా కొంచెం. మీ కథలో ఆ నిష్పత్తి తిరగబడింది. చంపడానికి రెండు పేజీలు, ఎందుకు చంపాడో అరపేజీ. మాస్టారు శ్రీకాకుళంలో 1997లో నెలకొల్పిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం, ఇక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒక శనివారం వెళ్లి రండి. వెళ్లలేకపోతే కథానిలయం వెబ్‌సైట్‌లో పాత పత్రికల కథలు స్కాన్ చేసి పెట్టారు, ఉచితంగా చదవవచ్చు. పేరు లేని రచయితలవి కూడా చదవండి. సగంలో చచ్చిపోయిన కథల నుంచి నేర్చుకునేది ఎక్కువ.

బయటివాళ్లలో ఇద్దరు చాలు. అమెరికన్ కథకుడు ఎడ్గార్ అలన్ పో 1842లో ఒక సమీక్ష రాస్తూ, చిన్న కథ ఒకే బిగిన చదివేలా ఉండాలని, ప్రతి మాటా ఒకే ఒక్క ప్రభావం కోసం పనిచేయాలని వాదించాడు. ఆయన కథల్లోని పాడుబడ్డ కోటలు మనకు అక్కర్లేదు, ఈ మాట కావాలి. రెండో ఆవిడ షర్లీ జాక్సన్. ఆమె ‘లాటరీ’ కథ 1948లో అచ్చయ్యాక పత్రికకు కోపంతో, అయోమయంతో వందల ఉత్తరాలు వచ్చాయి. ఆ కథ మొదట్లోనే, ఎండ కాస్తున్న పొద్దుట, పిల్లలు జేబుల నిండా రాళ్లు నింపుకుంటారు. అంతా మన కళ్ల ముందే పెట్టింది, ఏమీ దాచలేదు. ముగింపులో తెర తీసి ‘చూశారా’ అనే మలుపు కథలకు, దీనికి ఉన్న తేడా అదే. మలుపు కథను రెండోసారి చదవలేం. దీన్ని రెండోసారి చదివితే మొదటిసారి కంటే భయం వేస్తుంది.

ఇప్పుడు రాయడం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చుంటాను, ఎందుకంటే రాసే కళ మీద దొరికే పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు వాక్యం కోసం రాసినవి. తెలుగు వాక్యం చీకటికి వేరే విధంగా పనికొస్తుంది.

మన వాక్యంలో క్రియ చివరికి వస్తుంది. ‘అన్నం కలిపి, ముద్దలు చేసి, ఒక్కొక్కటీ పిల్లాడి నోట్లో పెట్టి, మూతి తుడిచి, బయట గడియ వేసి వెళ్లిపోయింది.’ చివరి నాలుగు మాటల దాకా ఇది అమ్మ వాక్యం. దెబ్బ ఎక్కడ పడాలో భాషే చోటు చూపించింది. మీరేమో ‘ఆమె గడియ వేసి వెళ్లిపోయింది, అంతకుముందు అన్నం పెట్టింది’ అనే వరసలో రాస్తున్నారు. ఇంగ్లీషులో ఆలోచించి దింపిన వాక్యమని దూరం నుంచే తెలుస్తుంది.

‘వచ్చింది’ అంటే ఎవరు? ఆడమనిషి కావచ్చు, పసిపాప కావచ్చు, కుక్క కావచ్చు, వాన కావచ్చు. ‘రాత్రి మళ్లీ వచ్చింది. గుమ్మంలో నిలబడింది. పాలు పోశాను.’ ఎంతసేపు చెప్పకుండా ఉంచుతారో మీ ఇష్టం. అయితే ఇది ఒకసారి పేలే తూటా, కథకు ఒక్కసారి చాలు.

‘ట’ ఒకటుంది. ‘వాళ్ల అమ్మాయి బావిలో పడిందట.’ చెప్పినవాడికి ఆ ఒక్క అక్షరంతో బాధ్యత తీరిపోతుంది. చూసినవాడు కూడా ‘ట’ అని చెప్పగలడు. కథంతా ‘ట’ వాడిన కథకుడు ఒక్కచోట మరిచిపోయి ‘పడింది’ అంటే, వాడు అక్కడ ఉన్నాడని పాఠకుడికి తెలిసిపోతుంది. ఇన్‌స్పెక్టర్ పాత్ర అక్కర్లేదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది ‘మేము’, ‘మనం’. ఊరి తరఫున ఒకడు కథ చెబుతున్నాడనుకోండి. ‘మేము ఆ ఇంటి వైపు వెళ్లేవాళ్లం కాదు. మేము వాళ్ల నీళ్లు తాగలేదు.’ పాఠకుడు బయట హాయిగా కూర్చుని ఊరిని తిట్టుకుంటున్నాడు. నాలుగో పేజీలో ఎక్కడో, ఆర్భాటం లేకుండా, ‘అయినా మనకెందుకులే అనుకున్నాం’ అని రాయండి. ‘మనం’ అనగానే పాఠకుడిని చెయ్యి పట్టి లోపలికి లాగి తలుపు వేసినట్టే. ‘మనకెందుకు’ కంటే చీకటి మాట తెలుగులో ఉందని నేను అనుకోను.

ఇంకొకటి గౌరవం తగ్గిపోయే వరస. మా మావయ్య పోయిన రోజు పెద్దాసుపత్రి మార్చురీ బయట నిలబడ్డాను. పొద్దున తొమ్మిదింటికి అందరం ‘మావయ్య గారు’, ‘ఆయన’ అంటున్నాం. పదకొండింటికి ‘మనిషి’ అన్నాం. ఒంటిగంటకు నేనే లోపలికి తల పెట్టి ‘బాడీ ఎప్పుడిస్తారండీ’ అని అడిగాను. నన్ను ఎవరూ ఆ మాట అనమనలేదు. ఆ వరండాలో ఆ మాట తప్ప ఇంకోటి పనిచేయదు, అంతే. మీ కథలో ఎవరైనా చనిపోతే, వారిని పిలిచే మాట ఏ నిమిషంలో మారింది, మొదట మార్చింది ఎవరు అన్నది రాయండి. ఏడుపు రాయనక్కర్లేదు.

పాల కుర్రాడి దగ్గరకు వస్తాను. కొట్టేసిన ఆ వాక్యం ఊరుకోలేదు, చాలా ఏళ్ల తర్వాత కథగా మొదలుపెట్టాను. తొలి ప్రతిలో ‘ఆ ఇంటి చుట్టూ భయంకరమైన నిశ్శబ్దం ఆవరించి ఉంది’ అని మొదలైంది. తల బాదుకుని చింపేశాను. తర్వాతి ప్రతిలో ఆ చోటు ఇలా వచ్చింది:

‘సూరిగాడికి అరవై మూడు ఇళ్లు. ఆరున్నరలోగా ముగించాలి, తర్వాత బడి. మెట్ల కింద సైకిల్ ఆపి, సంచిలోంచి ప్యాకెట్ తీసి, గుమ్మం దగ్గరకు వెళ్లాడు. నిన్నటిది అక్కడే ఉంది. మొన్నటిదీ ఉంది. మొన్నటిది ఉబ్బింది. తలుపు సందులోంచి ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వస్తోంది. ఫ్యాను తిరుగుతోందంటే మనిషి ఉన్నట్టే. పోయిన నెల ఇలాగే ఒక తలుపు కొడితే ఆ ఇంటావిడ యజమానికి ఫోను చేసింది, ఒక రోజు కూలి పోయింది. మూడు ప్యాకెట్లనూ ఒక వరసలో సర్దాడు. వంకరగా ఉంటే ముసలాయన కోప్పడతాడు.’

ఇది గొప్పగా ఉందని చూపించడం లేదు. చివరి మాట ఒక్కటి చూడండి. అక్కడ మొదట ‘కోప్పడేవాడు’ అని రాశాను. ‘కోప్పడేవాడు’ అంటే చావు సంగతి కుర్రాడికి తెలుసని ఒప్పుకున్నట్టు. ‘కోప్పడతాడు’ అంటే తెలిసిందాన్ని తనకు తానే తెలియనివ్వడం లేదన్నట్టు. మొదటి మాటతో అతను కథకుడి చేతిలో దోషి. రెండోదానితో మన పక్కింటి పిల్లాడు, చెప్పాలంటే మనమే. రెండక్షరాల కోసం ఒక మధ్యాహ్నమంతా పోయింది. మా ఆవిడ ఆ రోజు మూడుసార్లు భోజనానికి పిలిచింది.

ఫ్యాను సంగతి కూడా గమనించండి. అది వాతావరణం కోసం పెట్టింది కాదు. కుర్రాడికి ఒక సాకు కావాలి, ఫ్యాను ఆ సాకు ఇచ్చింది. మీ పాత్ర తప్పు చేసే ముందు దానికొక నమ్మదగిన సాకు దొరకాలి, అది వస్తువై ఉంటే ఇంకా మంచిది.

తుపాను మీద రాయవచ్చా అని అడిగారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిపోయాక మా అనుబంధానికి వచ్చిన తుపాను కథలతో బీరువా అర నిండింది. అన్నిటిలో గాలి హోరు, కూలిన చెట్లు, ప్రకృతి విలయతాండవం. ఒక్క కథలో మాత్రం గాలి ముందే ఆగిపోయింది. రెండిళ్ల మధ్య గోడ కూలింది, కరెంటు లేదు, పక్కింటివాళ్లు బంధువుల ఇంటికి వెళ్లారు. ఇతను రాత్రి టార్చిలైటు నోట కరుచుకుని హద్దురాయిని ఒక అడుగు అవతలికి జరిపాడు. పొద్దున్నే పక్కింటివాళ్లు తిరిగొస్తే వాళ్లకు నీళ్ల బిందె ఎత్తి సాయం చేశాడు. మిగతావన్నీ మరిచిపోయాను, ఆ టార్చిలైటు పళ్ల మధ్య ఇప్పటికీ ఉంది.

భాషలో మా వృత్తి చేసిన పాపాలు మీ కథలోకి వచ్చేశాయి, వాటిని ఏరి పారేయండి. ‘రక్తపు మడుగులో’, ‘విగతజీవిగా’, ‘కన్నీరుమున్నీరుగా’, ‘మృత్యు ఒడికి’. ఇవి రాత్రి పన్నెండింటికి పేజీ మూసే తొందరలో పుట్టిన మాటలు. చదివేవాడి కన్ను వాటి మీద జారిపోవడానికే తయారయ్యాయి. ‘భయంకరమైన’, ‘బీభత్సమైన’, ‘దారుణమైన’ అనేవి కథలో కనిపిస్తే, అక్కడ మీరు చూడటం మానేశారని గుర్తు.

వివరాల సంగతి క్లుప్తంగా. పోలీసులు వచ్చి వెంటనే పోస్టుమార్టం చేసెయ్యరు. ముందు పంచుల సమక్షంలో శవ పంచనామా జరుగుతుంది. 2024 జులై 1 తర్వాత జరిగే కథ అయితే అది కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (బీఎన్‌ఎస్‌ఎస్) 194వ సెక్షన్ కింద, అంతకుముందైతే పాత చట్టం (సీఆర్‌పీసీ) 174 కింద. మునిగిపోయిన శవం సాధారణంగా గంటలో పైకి తేలదు. ముందు మునుగుతుంది, లోపల వాయువులు పుట్టాక, కొన్ని రోజులకు తేలుతుంది. ఈ సంగతులు కథలో చెప్పక్కర్లేదు, తప్పుగా చెప్పకపోతే చాలు. ఒక్క తప్పు దొరికితే పాఠకుడు భయపడటం మానేసి తనిఖీకి దిగుతాడు.

రాయకూడనివి కూడా ఉన్నాయా అన్నారు. నా వరకు రెండు మూడు. ఆత్మహత్య రాస్తే ఎలా చేసుకున్నారన్న పద్ధతి వివరంగా రాయను. భయపెట్టడానికి పిచ్చివాణ్ణో, హిజ్రానో, ముష్టివాణ్ణో తెచ్చి గుమ్మంలో నిలబెట్టే కథను ఏనాడూ అచ్చుకు పంపలేదు. అది సోమరితనం, పైగా అన్యాయం. నిజంగా జరిగిన ప్రమాదం మీద రాయాలంటే ఆగుతాను. 2020 మే 7న తెల్లవారుజామున ఇక్కడి ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీకై ఊరు రోడ్డున పడిన వారంలోనే నాలుగు కథలు వచ్చాయి. ఒకదానిలో ఒక పసిపిల్ల చావును అలంకారాలతో వర్ణించారు. పోయినవాళ్ల మనుషులు ఇదే ఊళ్లో ఆదివారం పేపరు చదువుతారు. తిప్పి పంపాను, ఆ రచయిత నాతో ఇప్పటికీ మాట్లాడరు.

ఇక మీ యారాడ కథ. హైదరాబాదు నుంచి అన్న వస్తాడు, ఇంటి వాటా తేల్చుకోవడానికి. తమ్ముడు అతన్ని సముద్రానికి తీసుకెళ్లి బండ మీద నుంచి తోసేస్తాడు. అది చూసిన కొబ్బరిబోండాల మనిషిని కూడా చంపుతాడు. ఆ తర్వాత ఇంట్లో రాత్రిళ్లు తడి అడుగులు. చివరికి తమ్ముడు కొండ మీద నుంచి దూకుతాడు. బోండాల మనిషిని బతికించండి. తడి అడుగులు తుడిచేయండి. తమ్ముడు దూకనక్కర్లేదు, వాడు బతికే ఉండాలి. బండ మీద నుంచి తోయడం కూడా వద్దు.

ఏమి మిగిలిందని మీరు అడుగుతారు. రెండో పేజీలో మీరు గమనించకుండానే రాసిన రెండు వాక్యాలు మిగిలాయి. అన్న నీళ్లలోకి దిగే ముందు చెప్పులు విప్పి ‘ఇవి పట్టుకోరా’ అని తమ్ముడి చేతికి ఇస్తాడు. తర్వాత కాస్త ముందుకు నడిచి, ‘ఇక్కడ అలలు తక్కువగా ఉన్నాయి’ అంటాడు. తీరం నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహం చాలాసార్లు అటువంటి చోటే ఉంటుంది. రెండు వైపులా అలలు విరుగుతూ, మధ్యలో నీళ్లు నున్నగా, కాస్త నల్లగా కనిపిస్తాయి. కొత్తవారికి అదే భద్రమైన చోటులా ఉంటుంది. ఇక్కడ పుట్టి పెరిగిన తమ్ముడికి తెలుసు. అన్న అటు వెళ్తుంటే తమ్ముడు ఏమీ అనడు. రెండు చేతులతో చెప్పులు పట్టుకుని నిలబడతాడు. మీ కథ అక్కడే, ఆ నాలుగు క్షణాల్లోనే ఉంది. ఇంటి వాటా గొడవ అంతా దానికి ముందు, మాస్టారి పంచాయతీలా, ఓపికగా, లెక్కలతో రాయండి. అన్న మంచివాడై ఉంటే బాగుంటుంది. కనీసం ఆ పొద్దుట బస్సులో తమ్ముడికి టికెట్ తీసినవాడైతే చాలు.

ఆ తర్వాత నాకు తెలియాల్సింది ఒక్కటే ఉంది, అది మీ ప్రతిలో లేదు. సాయంత్రం పోలీసులతో మాట్లాడి, కాగితాల మీద సంతకం పెట్టి, తమ్ముడు ఇంటికి బయల్దేరాడు. ఆ చెప్పులు చేత్తో పట్టుకెళ్లాడా, వేసుకుని వెళ్లాడా? తేల్చుకుని మళ్లీ రాసి పంపండి.